నాన్న చేసిన దుబాసీ పని

మా నాన్నకు స్పానిష్ వచ్చని ఊరంతా నమ్మింది. ఊళ్ళో ఇంకెవరికీ ఆ భాష రాదు కాబట్టి, ఆయనకు రాదని తేల్చే నాథుడు లేడు. నేనూ నమ్మాను. పదో తరగతి పరీక్షలు అయిపోయిన వేసవిలో మా స్కూలు వాళ్ళు పదిమంది పిల్లల్ని ఆ భాష మాట్లాడే దేశానికి మూడు వారాల చదువుకు పంపేదాకా నమ్ముతూనే ఉన్నాను.

నాన్న అసలు మా స్కూలు లైబ్రేరియన్. పక్క వీధి స్కూలు వాళ్ళు ఫ్రెంచి మొదలుపెట్టి ఇంటింటికీ కరపత్రాలు పంచేసరికి మా యాజమాన్యానికి కడుపు మండింది. మనకూ ఒక విదేశీ భాష ఉండాల్సిందే అన్నారు. నాన్న ఎప్పుడో పోస్టల్ కోర్సులో స్పానిష్ డిప్లొమా చేశాడు. ఎందుకు చేశాడో మా అమ్మకు కూడా తెలియదు. లైబ్రరీ తాళాలు ఇంకొకరికి ఇచ్చేసి ఆయన చేతిలో సుద్దముక్క పెట్టారు. పదకొండేళ్ళపాటు టెంపరరీగానే పాఠం చెప్పాడు. ఇంట్లో నాకు ఏడో ఏడు వచ్చినప్పటినుంచి రోజూ సాయంత్రం గంటసేపు క్యాసెట్టు పెట్టి, ఆపి, నాచేత పలికించేవాడు. ఒక్క అక్షరం మింగినా టేపు వెనక్కి తిప్పేవాడు. నా ఆటల వేళంతా దానికే పోయింది. ఆ భాష మీద నాకు ప్రేమేమీ లేదు.

ఆ ప్రయాణం మాకు విహారమేమో గానీ నాన్నకు పరీక్ష. బయల్దేరే ముందు కరస్పాండెంటు గారు ఆయన్ని పిలిచి మొహమాటం లేకుండా చెప్పేశారు. అక్కడి భాషా సంస్థ వాళ్ళు చివరి రోజు పిల్లలకు మౌఖిక పరీక్ష పెడతారు. సగం మంది పాసయితే నాన్న ఉద్యోగం పర్మనెంటు. కాకపోతే జూన్ నుంచి కంప్యూటర్లో పాఠాలు చెప్పే కంపెనీ వస్తుంది, నాన్న ఇంటికి వెళ్ళిపోవాలి. లైబ్రరీలో చోటు ఏనాడో భర్తీ అయిపోయింది. యాభై ఒక్కేళ్ళ మనిషి కొత్తగా ఎవరి గుమ్మం ఎక్కుతాడు? ఇదంతా దగ్గరుండి చూసి రిపోర్టు రాయమని వైస్ ప్రిన్సిపాల్ మేడాన్ని మా వెంట పంపారు.

మేడానికి స్పానిష్ ముక్క రాదు. మేడానికి వచ్చిన ఇంగ్లీషు అక్కడివాళ్ళకు రాదు. కనుక అక్కడ ఎవరేమన్నా మేడానికి తెలుగులో చెప్పే దుబాసీ మా నాన్నే. మేడం ఆయన పక్కనే నల్ల అట్ట నోటుబుక్కు పట్టుకుని నడిచేది. ఆయన నోరు తెరిస్తే ఆవిడ కలం మూత తీసేది.

ఇక నేను. స్టాఫు పిల్లనని నా సీటు ఉచితం. మిగతా తొమ్మిదిమంది డబ్బు కట్టినవాళ్ళు. విమానం ఎక్కకముందే నాకు ఫ్రీ టికెట్ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టింది బిల్డరు గారి కూతురు. వాళ్ళ నాన్న స్కూలు కమిటీలో పెద్ద మనిషి. నా రాత బాగుండి అక్కడ ఒకే ఇంట్లో, ఒకే గదిలో నన్నూ ఆ పిల్లనీ పడేశారు.

దిగిన రోజే నాన్న బండారం కొంత బయటపడింది, కానీ నాకప్పుడు అర్థం కాలేదు. బస్సు డ్రైవరు ఏదో అడిగాడు. నాన్న నవ్వి, తల ఊపి, అవునవును అన్నాడు. డ్రైవరు మమ్మల్ని తాళం వేసి ఉన్న ఒక పెద్ద గేటు ముందు పెట్టెలతో సహా దింపేసి వెళ్ళిపోయాడు. రెండు గంటలు ఎండలో నిలబడ్డాం. ఇదేమిటండీ అని మేడం అడిగితే, ముందు సంస్థను బయటినుంచి చూపించడం ఇక్కడి పద్ధతి అన్నాడు నాన్న. మేడం అది కూడా రాసుకుంది. అసలు డ్రైవరు అడిగింది, మిమ్మల్ని మీ ఇళ్ళ దగ్గర దింపనా, సంస్థ దగ్గర దింపనా అని. ఆ సంగతి నాకు పది రోజుల తర్వాత, అలాంటి ప్రశ్నలు చెవికి ఆనడం మొదలయ్యాక తెలిసింది.

మేమున్న ఇల్లు ఒక లాండ్రీ మీద అంతస్తు. లాండ్రీ నడిపేదీ, మాకు గది ఇచ్చిందీ ఒకావిడే. అరవై దాటిన మనిషి, ముంజేతుల నిండా పాత ఇస్త్రీ కాలిన మచ్చలు. మమ్మల్ని చూసి నవ్వలేదు. పెట్టెలు ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది, బాత్‌రూము తలుపు మీద అతికించిన కాగితాన్ని ఇంకో వేలితో చూపించింది. సంస్థ ఇచ్చే డబ్బు కోసం పిల్లల్ని పెట్టుకుంటుంది తప్ప పిల్లలంటే ఆవిడకు పడదని ఆ వేళ్ళే చెప్పాయి.

రెండో రోజు పొద్దున బిల్డరు గారి కూతురు స్నానానికి వెళ్ళింది. అక్కడ స్నానం తొట్టిలో నిలబడి చేయాలి. ఈ పిల్ల తొట్టిని బట్టలు నానబెట్టుకునేదనుకుంది. చెత్తబుట్టను బకెట్టు చేసుకుని, పళ్ళు తోముకునే గ్లాసును చెంబు చేసుకుని, నేల మీద కూర్చుని, మన ఇంట్లో లాగా తలారా పోసుకుంది. మన బాత్‌రూముల్లో నేలకు తూము ఉంటుంది. అక్కడ లేదు. ఆ నీళ్ళన్నీ పలకల సందుల్లోంచి దిగి కింద లాండ్రీ పైకప్పులోంచి కారాయి. కింద ఒక హోటలు వాళ్ళ తెల్లటి టేబుల్ గుడ్డలు నలభై, గంజి పెట్టి ఇస్త్రీ చేసి దొంతులుగా పేర్చి ఉన్నాయి. పచ్చటి మరకలతో అన్నీ పోయాయి.

ఇంటావిడ నాన్ననూ మేడాన్నీ పిలిపించింది. లాండ్రీ మధ్యలో నిలబడి పది నిమిషాలు ఆపకుండా అరిచింది. ఏమంటోందండీ అని మేడం అడిగింది. ఈ ఊళ్ళో నీళ్ళకు కొరతట, పొదుపుగా వాడమంటోంది అన్నాడు నాన్న. ఇంటావిడ అప్పుడే కప్పు వంక చెయ్యి చూపి, తడిసిన గుడ్డ ఒకటి తీసి నాన్న మొహం ముందు ఆడించింది. మేడానికి భాష రాకపోయినా కళ్ళున్నాయి. ఎవరు చేశారు ఈ పని అని మమ్మల్ని అడిగింది.

బిల్డరు గారి కూతురు మెల్లగా నా వైపు చూసింది. ఆ పిల్ల జుట్టు ఇంకా తడిగా కారుతోంది. నా జుట్టు పొడిగా జడవేసి ఉంది. నేను కాదని చెప్పాను. నాన్న నా జడనూ చూశాడు, ఆ పిల్ల జుట్టునూ చూశాడు.

"మా అమ్మాయేనండీ. దానికి ఒళ్ళు తెలీదు," అన్నాడు.

తర్వాత నన్ను మెట్ల కిందికి తీసుకెళ్ళి, వాళ్ళ నాన్న కమిటీలో ఉన్నాడని నీకు తెలుసుగా, మనం ఊరికే వచ్చినవాళ్ళం, సర్దుకుపోవాలి అన్నాడు. కావాలంటే వెళ్ళాక వాచీ కొనిపెడతానన్నాడు. నేను ఆయన చెయ్యి విదిలించుకుని పైకి వెళ్ళిపోయాను.

అదొక్కటే అయితే మరిచిపోయేదాన్నేమో. వెళ్ళబోయే ముందు ఇంటావిడ నాన్నను ఇంకో ప్రశ్న అడిగింది. ఆయన అలవాటు ప్రకారం నవ్వి, అవునవును అన్నాడు. మర్నాడు క్లాసు నుంచి రాగానే ఆవిడ నా రెక్క పట్టుకుని కిందికి లాక్కెళ్ళి ఇస్త్రీ బల్ల ముందు నిలబెట్టాక గానీ ఆ అవునుకు అర్థం తెలియలేదు. నష్టం తీరేదాకా ఈ పిల్ల రోజూ మధ్యాహ్నం వచ్చి పని చేస్తుందా అని అడిగిందట. ఏం అడుగుతోందో తెలియకుండానే కన్నతండ్రి నన్ను కూలికి పెట్టేశాడు. మిగతా తొమ్మిదిమందీ మధ్యాహ్నాలు ఊరు చూడటానికి పోయేవారు. బిల్డరు గారి కూతురు వచ్చి తాను ఏమేం చూసిందో మంచం మీద పడుకుని వినిపించేది.

లాండ్రీలో గోడ పొడవునా నాలుగు యంత్రాలు, మధ్యలో ఒక వెడల్పాటి బల్ల, గొట్టంతో వేలాడే ఆవిరి ఇస్త్రీ పెట్టె. పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. అటు మూలలు ఆవిడవి, ఇటు మూలలు నావి. ఒకేసారి లాగి, ఒకేసారి విదిలించి, ఒకరి మీదికి ఒకరు నడిచి రావాలి. నేను ముందు నడిచినా తప్పే, వెనక నడిచినా తప్పే. ఆవిడ నోటికి తిట్టు తప్ప మాట రాదు. దుప్పటి జారితే తిట్టు, అంచు కలవకపోతే తిట్టు, కలిస్తే ఇంతసేపా అని తిట్టు. తన కూతురు ఫోన్ చెయ్యకపోయినా నన్నే తిట్టేది. అత్త మీద కోపం దుత్త మీద అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

మూడు రోజులు అది చప్పుడు లాగే వినబడింది. నాలుగో రోజు అందులోంచి మాటలు విడిపడటం మొదలైంది. ఆవిడ ప్రతి మాటలో సగం మింగేస్తుంది. కానీ ఆ మింగిన సగం ఏమిటో నాకు తెలుసు. ఎనిమిదేళ్ళపాటు ఆ మాటలన్నీ పూర్తిగా, తలా తోకా ఉండేలా, నాచేత పలికించారు కాబట్టి తెలుసు. ఇది ఇవాళ చెబుతున్న మాట. అప్పుడు నాకలా తోచలేదు. అంతా నా సొంత ప్రతాపమే అనుకున్నాను.

ఆరో రోజు నేను ఎదురు తిరిగాను. దుప్పటి వంకర పోయింది నా వల్ల కాదు, నీ చెయ్యి కిందికి ఉంది, ముందు అది ఎత్తు అన్నాను. అచ్చంగా ఆవిడ యాసలోనే, ఆవిడ అరిచినట్టే అరిచాను. ఆవిడ తన చేతి వంక చూసుకుంది. ఎత్తింది. తర్వాత నన్ను తిట్టడం మానలేదు గానీ, తిట్టాక జవాబు కోసం ఆగేది. నేను ఇచ్చేదాన్ని. హోటలు వాళ్ళ మీద, యంత్రాల మీద, కూతురి మీద, బిల్డరు గారి కూతురి మీద ఇద్దరం కలిసి అరుచుకునేవాళ్ళం. ఆవిడకు నేనంటే ఇష్టం కలిగిందని చెప్పను. కలగలేదు. మేం వచ్చేసే రోజు కూడా తలుపు దాకా రాలేదు. కానీ మూడు వారాల్లో నాతో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది ఆవిడొక్కతే.

చెవి తెరుచుకున్నాక నాకు ఇంకో గొడవ మొదలైంది. నాన్న మేడానికి చెప్పే తెలుగు, అవతలివాళ్ళు అన్న మాట, ఈ రెండూ ఉప్పూ నిప్పూ. సంస్థలో మాకు పాఠం చెప్పే ఆవిడ ఒకరోజు మేడం దగ్గరికి వచ్చి, మీ పిల్లలు చిలకల్లా వల్లిస్తారు, ఎదుటివాళ్ళు ఏమంటున్నారో వినరు, ఇలా ఎవరు నేర్పారు అని అడిగింది. నాన్న గొంతు సవరించుకుని, మన పిల్లల క్రమశిక్షణ ఎక్కడా చూడలేదంటోందండీ అన్నాడు. మేడం మురిసిపోయి ఆవిడకు దణ్ణం పెట్టింది. పాఠం చెప్పే ఆవిడ తెల్లబోయింది. నేను నాన్ననే చూస్తున్నాను. ఆయన కూడా నన్ను చూశాడు. నాకు అర్థమైందని ఆయనకు అర్థమైంది. ఆ రోజు నుంచి ఆయన నా పక్కన కూర్చోవడం మానేశాడు.

నేను నోరు విప్పితే ఆయన పని అయిపోయేది. విప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకున్నాను. ఇంట్లో అమ్మ ఉంది, తమ్ముడున్నాడు. అంత కోపంలోనూ ఆ మాత్రం ఇంగితం ఉంది నాకు.

మూడో వారం మొదట్లో నాన్న పరీక్షకు రంగం సిద్ధం చేశాడు. మన దగ్గర ఏ పరీక్షకైనా ఇంపార్టెంట్ ప్రశ్నలుంటాయి. సంస్థ ఆఫీసులో అడిగి, ఏయే విషయాల మీద మాట్లాడిస్తారో ఒక చీటీ మీద రాయించుకొచ్చాడు. దాన్నిబట్టి అరవై ప్రశ్నలు, అరవై జవాబులు తయారుచేసి, వరస నంబర్లు వేసి, పదిమందికీ పంచాడు. రోజూ క్లాసయ్యాక సంస్థ వరండాలో నిలబెట్టి అప్పజెప్పించేవాడు. ఆయన ఒకటి అంటే మొదటి జవాబు, రెండు అంటే రెండో జవాబు. ప్రశ్న చదవడం కూడా అక్కర్లేదన్నాడు, టైము వృథా. పిల్లలు గడగడా చెప్పేస్తుంటే మేడం అరగంట విని, తృప్తిగా టీ తాగడానికి పోయింది.

మేడం లేకుండా చూసి నేను చెప్పాను. నాన్నా, వాళ్ళు వరసలో అడగరు, మనం ఇచ్చిన జవాబులోంచే ఇంకో ప్రశ్న లాగుతారు, ఇలా అయితే అందరూ పోతారు అన్నాను. ఆయన మంచికే, వాళ్ళ మంచికే చెప్పాను. కొంచెం పొగరు కూడా కలిసిందేమో. రోజూ ఆ ఊరివాళ్ళతో మాట్లాడుతున్నది నేనే కదా అని కూడా అన్నాను.

పిల్లలందరూ ఆగి చూస్తున్నారు. నాన్న మొహం నల్లబడింది. కాగితాలు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"నా కూతురివి కాబట్టి ఇక్కడిదాకా వచ్చావు. తెలివితేటలుండి కాదు. నాకు పాఠం చెప్పకు," అన్నాడు.

బిల్డరు గారి కూతురు పకాలున నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. నాన్న వాళ్ళను నవ్వనిచ్చాడు. నవ్వు అయ్యేదాకా ఆగి, పదిహేడు అన్నాడు. అందరూ పదిహేడో జవాబు అందుకున్నారు. ఆ నిమిషంలో నాకు మా నాన్న మీద పుట్టింది అసహ్యమే. దానికి మెత్తటి పేరు పెట్టి ఇప్పుడు మంచిదాన్ని అనిపించుకోదలచుకోలేదు.

పరీక్ష రోజు పొద్దున తొమ్మిదికి మమ్మల్ని ఒక చిన్న గదిలోకి పిలిచారు. ఒక బల్ల, ఎదురెదురుగా రెండు కుర్చీలు, గోడ వెంబడి మాకు బెంచీలు. పరీక్షించే ఆవిడ బయటినుంచి వచ్చిన మనిషి, మమ్మల్ని అంతకు ముందు చూడలేదు. ఒక్కొక్కరితో పది నిమిషాలు మాట్లాడి చీటీ ఇస్తుంది. చీటీ మీద గుండ్రటి ముద్ర పడితే పాసు, పడకపోతే లేదు. ఈ సంగతి మాత్రం మేడానికి దుబాసీ అక్కర్లేకుండానే తెలిసింది. చివరి బెంచీలో నాన్న పక్కన కూర్చుని, నోటుబుక్కులో పది గళ్ళు గీసుకుంది.

మొదట డాక్టరు గారి అబ్బాయి వెళ్ళాడు. ఆవిడ నీ పేరేమిటి అని అడిగింది. చెప్పాడు. నిన్న సాయంత్రం ఏం చేశావు అంది. మా ఇంట్లో మేం అయిదుగురం అన్నాడు. ఆవిడ అర్థం కానట్టు చూసి, మెల్లగా మళ్ళీ అడిగింది. మా నాన్నగారు డాక్టరు, మా అమ్మగారు గృహిణి అన్నాడు. అది మూడో జవాబు. ఆవిడ ఆపబోయింది. వాడు ఆగకుండా ఏడో జవాబు దాకా వెళ్ళి, ఊపిరి పీల్చుకుని, నాన్న వైపు గర్వంగా చూశాడు. చీటీ మీద ముద్ర పడలేదు. ఏమైందండీ అని మేడం అడిగితే, కుర్రాడు బెదిరాడండీ అన్నాడు నాన్న.

బిల్డరు గారి కూతురిది మరీ అన్యాయం. నీకు ఈ ఊళ్ళో ఏది నచ్చలేదు అని అడిగితే, మా స్కూలు, మా ఉపాధ్యాయులు అంటే నాకు చాలా ఇష్టం అని పన్నెండో జవాబు చెప్పింది. మళ్ళీ మళ్ళీ చెప్పింది. తర్వాత ఏడ్చింది. చీటీ పట్టుకుని వచ్చి బెంచీలో నా పక్కన కూర్చుని, మీ నాన్న మా కొంప ముంచాడే అంది. ఆ మాట నిజమే.

అయితే అదృష్టమనేది ఒకటుంటుంది. నలుగురికి ఆవిడ అడిగిన ప్రశ్నలూ, వాళ్ళకు నోటికి వచ్చిన జవాబులూ ఎలాగో కలిశాయి. తొమ్మిదిమంది అయ్యేసరికి నాలుగు ముద్రలు పడ్డాయి. మేడం తన గళ్ళు లెక్కపెట్టుకుంది. నాన్న కూడా లెక్కపెట్టుకున్నాడని, కుర్చీలోకి వెళ్ళబోతున్న నాకు ఆయన కళ్ళు చూస్తే తెలిసింది. పదిమందిలో సగమంటే అయిదు. అయిదో ముద్ర నాది కావాలి. ఆయన చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. పదకొండేళ్ళ ఉద్యోగం నా నోట్లో ఉంది.

నేను బాగా మాట్లాడాను. చెడగొట్టాలని ఒక్క క్షణం కూడా అనుకోలేదు, ఇది ఒట్టేసి చెబుతాను. ఆవిడ వాతావరణం అడిగితే లాండ్రీలో వేడి గురించి చెప్పాను. లాండ్రీలో నీకేం పని అంటే టేబుల్ గుడ్డల కథ చెప్పాను, తప్పు ఎవరిదో మాత్రం చెప్పలేదు. ఇంటావిడ తిట్లు అనుకరించి చూపిస్తే కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. పది నిమిషాలు అనుకున్నది ఇరవై అయింది. చివరికి టపీమని ముద్ర కొట్టి చీటీ నా చేతికిచ్చింది.

వెనక బెంచీలో నాన్న గట్టిగా ఊపిరి వదిలాడు. మేడం వైపు వంగి, గదిలో అందరికీ వినబడేలా, చూశారా మేడం గారూ, అది నా తయారీ, చిన్నప్పటినుంచీ నేను దగ్గర కూర్చోబెట్టి నేర్పిందే అన్నాడు. మేడం నవ్వి, నా గడిలో అయిదో టిక్కు పెట్టింది. మూడు రోజుల క్రితం వరండాలో తెలివిలేని దాన్ని ఇప్పుడు ఆయన తయారీ అయ్యాను. నా చెవులు కాలిపోయాయి.

లేవబోతుంటే పరీక్షించే ఆవిడ ఆపింది. పరీక్ష అయిపోయింది, ఇది ఊరికే అడుగుతున్నాను, ఇంత బాగా మాట్లాడటం ఎక్కడ నేర్చుకున్నావు అంది.

నేను ఆవిడకు జవాబు చెప్పలేదు. వెనక్కి తిరిగి నాన్నను చూస్తూ చెప్పాను. లాండ్రీ యాసలో చెబితే ఆయనకు అందదు. మూడు వారాలుగా ఆ ఊళ్ళో ఎవరి మాటా ఆయనకు పూర్తిగా అందలేదు. అందుకని ఏడేళ్ళప్పుడు క్యాసెట్టు ముందు కూర్చుని పలికినట్టు పలికాను. ఒక్కో మాటా విడదీసి, ఒక్క అక్షరం కూడా మింగకుండా చెప్పాను. ఇస్త్రీ చేసే చోట నేర్చుకున్నాను. అక్కడి ఆవిడ నేర్పింది. మా స్కూల్లో నాకు ఎవరూ ఏమీ నేర్పలేదు.

ఆయన కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి. అన్నీ అర్థమయ్యాయని తెలిసిపోయింది. నాకు కావలసింది అదే. దెబ్బ ఆయనకు తగలాలి, ఆయన ఒక్కడికే తగలాలి. మేడానికి ఆయన ఏదో ఒకటి కల్పించి చెబుతాడు. మా నాన్నగారి దయవల్ల నేర్చుకున్నాను అందండీ అంటాడు. మూడు వారాలుగా చేస్తున్న పని అదే కదా. ఆ ధైర్యంతోనే నేను ఆ మాట అన్నాను.

"ఏమందండీ మీ అమ్మాయి?" అని అడిగింది మేడం, కలం పట్టుకుని.

నాన్న చొక్కా సర్దుకుని లేచి నిలబడ్డాడు. ఆయన మొహంలో కోపం కోసం వెతికాను, ఏడుపు కోసం వెతికాను. రెండూ లేవు. ఆ దేశంలో దిగినప్పటినుంచీ తేలు కుట్టిన దొంగలా తిరిగిన మనిషి మొదటిసారి తిన్నగా నిలబడ్డాడు. ఒకరు అన్న మాట మొదటి నుంచి చివరిదాకా ఆయనకు అర్థమైంది. తనకు ఈ భాష వచ్చు. అది చూపించడానికి మూడు వారాల్లో ఆయనకు దొరికిన మాట ఇదొక్కటే.

"ఇస్త్రీ చేసే చోట నేర్చుకుందట మేడం గారూ. అక్కడి ఆవిడ నేర్పిందట. మా స్కూల్లో నాకు ఎవరూ ఏమీ నేర్పలేదు అంది."

మేడం నవ్వు ఆగిపోయింది. అంటే ఈ అయిదోది మనది కాదన్నమాట అని మెల్లగా అని, నోటుబుక్కులో టిక్కు మీద అడ్డగీత గీసింది. నాన్న అది చూడలేదు. ఆయన నన్నే చూస్తున్నాడు, ఇంట్లో క్యాసెట్టు ఆపి నన్ను చూసినట్టు.

"అంతేగా అమ్మా? ఏమైనా వదిలేశానా?" అని అడిగాడు.

ఆయన జవాబు కోసం నిలబడే ఉన్నాడు.

"ఏమీ వదల్లేదు నాన్నా," అన్నాను.